అక్షరభేదం వ్యక్తిభేదం కాదు

ఉర్దూలో ఒక్క తీరుగా వ్రాసే పేరు తెలుగులోకి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి పలు రూపాలు ధరిస్తుంది. ఒకే విద్యార్థి పదవ తరగతి ధ్రువపత్రంలో ‘మొహమ్మద్’, ఆధార్ కార్డులో ‘ముహమ్మద్’ అయినప్పుడు, అక్షరానికి అక్షరం సరిచూసే కంప్యూటరుకు వారు ఇద్దరు వ్యక్తులు. ఉపకారవేతనపు దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది. దీనిని విద్యార్థి దోషంగా భావించి అఫిడవిట్టు తెమ్మనడం న్యాయం కాదని నా అభిప్రాయం. లోపం సరిచూసే పద్ధతిలోనే ఉన్నది.

ఈ చిక్కుకు గణితశాస్త్రం ఏనాడో మార్గం చూపింది. 1965లో సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్, సంకేతాల ప్రసారంలో జారిపోయే, అదనంగా చేరే, మారిపోయే అక్షరాలను గూర్చి ఒక వ్యాసం ప్రకటించాడు. ఒక పదాన్ని మరొక పదంగా చేయడానికి కనీసం ఎన్ని అక్షరాలను చేర్చాలో, తీసివేయాలో, మార్చాలో ఆ సంఖ్యయే ఆ రెండింటి నడుమ దూరం. ఆటోమేటా సిద్ధాంతం ఈ భావనను ఒక ఊహాయంత్రంగా మలచింది. అది పేరును మొదటినుండి చివరివరకు ఒక్కమారే చదువుతూ, ఎంతవరకు వచ్చాము, ఎన్ని తప్పులు మన్నించాము అనే రెండు సంగతులనే జ్ఞాపకముంచుకొంటుంది. 8 అక్షరాల పేరులో 2 తప్పులు మన్నించాలంటే, ఏకకాలంలో పలు స్థితులలో ఉండగల ఆ యంత్రానికి 27 స్థితులు చాలు.

అయితే మన్నింపుకూ హద్దు అవసరం. ఇంగ్లీషు లిపిలో మొహమ్మెద్, ముహమ్మద్‌ల నడుమ దూరం 2. రహీం, కరీంల నడుమ దూరమూ 2! మొదటి జంట ఒకే నామం, రెండవది ఇద్దరు మనుష్యులు. నసీర్, నజీర్‌ల దూరం 1 మాత్రమే. కాని ఒకరు సహాయకుడు, మరొకరు హెచ్చరించేవాడు. కావున ఎన్ని అక్షరాలు మారాయన్నదే కాక, ఏది దేనిగా మారిందన్నదీ లెక్కకు రావాలి. ‘ఒ’ ‘ఉ’గా మారితే స్వల్పమూల్యం, ‘స’ ‘జ’గా మారితే అధికమూల్యం విధించవచ్చు. ఉర్దూలోని జే, జాల్, జ్వాద్, జోయ్ నాలుగూ తెలుగులో ఒక్క ‘జ’గానే దిగుతాయి. (ఇటువంటి పట్టికను మన ఉర్దూ, తెలుగు శాఖలవారు కూర్చొని తయారుచేయగలరు. ఇంజనీరు ఒక్కడివల్ల అయ్యే పని కాదు.)

కళాశాల సంఘం వారికి నా విన్నపం ఇది. ప్రవేశ పుస్తకంలో పేరును మూడు లిపులలోనూ విద్యార్థి చేతనే వ్రాయించాలి. యంత్రం దగ్గరి పేర్లను చూపాలి గాని తీర్పు చెప్పరాదు. తండ్రి పేరు, పుట్టినతేదీ చూసి నిర్ణయించవలసినవాడు గుమాస్తా. అంతవరకు ఆ దరఖాస్తును త్రోసిపుచ్చక, గడువు లోపల అందినదిగానే పరిగణించాలి.