ఇంటికొచ్చిన మిషనరీ కుటుంబాన్ని కాస్త కూర్చోనివ్వండి

మా మరిది, తోడికోడలు మలావీలో మిషనరీలు. ఆఫ్రికాలో ఒక పెద్ద సరస్సును ఆనుకుని పొడుగ్గా ఉండే చిన్న దేశం అది. మూడేళ్లు అక్కడ పనిచేశాక ఒక వేసవికి ఇంటికొస్తారు. దీన్ని పాతరోజుల్లో ఫర్లో అనేవారట, ఇప్పుడు హోమ్ అసైన్‌మెంట్ అంటున్నారు. కొత్త పేరే నిజం చెబుతుంది. ఫర్లో అంటే సెలవు, అసైన్‌మెంట్ అంటే పని. చూసేవాళ్లకు మాత్రం, "హాయిగా సెలవులకొచ్చారు" అనే అనిపిస్తుంది.

ఈ వేసవిలో తొమ్మిది వారాలు ఉన్నారు. మా ఫ్రిజ్ మీద అంటించిన క్యాలెండర్‌లో లెక్కపెడితే 34 మీటింగులు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం, యవ్వనస్తుల కూటం, వాటికి తోడు మే నెలంతా ఏదో ఒక ఊళ్లో వీబీఎస్. గుంటూరులో మా ఇంట్లో నలుగురూ కలిసి పడుకున్న రాత్రులు 26. మిగతావన్నీ తెనాలి, బాపట్ల, ఒంగోలు, నెల్లూరు, ఇంకా పేరు కూడా గుర్తులేని పల్లెలు. మే నెలలో మలావీలో చలికాలం మొదలవుతుంది, పిల్లలు స్వెట్టర్లు తీసే రోజులు. అక్కణ్ణుంచి వచ్చి మన 44 డిగ్రీల్లో పడ్డారు. చిన్నవాడికి మెడనిండా చెమటకాయలు.

ముందే ఒకమాట చెప్పేస్తాను. మీటింగులు అసలు వద్దని నేననను. వీళ్లను పంపినది ఏ పెద్ద కంపెనీయో కాదు, మామూలు మనుషుల కానుకలు. మా సంఘంలో ఒక విధవరాలు పొద్దున్నే ఇడ్లీలు అమ్ముకుంటుంది. నెలకు 100 రూపాయలు కవరులో పెట్టి, "అమ్మాయిగారికి పంపండి" అని ఇస్తుంది. మూడేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. ఆవిడకు మా తోడికోడలి ముఖం చూసే హక్కుంది. చేయి పట్టుకుని, "అక్కడ ఏం తింటారమ్మా?" అని అడిగే హక్కుంది. ఆ రోజు మా తోడికోడలు ఆవిడ అరుగు మీద రెండు గంటలు కూర్చుని, మలావీలో మొక్కజొన్న పిండితో చేసే న్సీమా మన సంకటి లాంటిదే అనీ, సరస్సులో దొరికే ఉసిపా అనే చిన్న చేపల్ని ఎండబెట్టి మన నెత్తళ్లలాగే వండుతారనీ చెప్పింది. ఇంటికొచ్చాక, "అక్కా, ఈ వేసవిలో నాకు అలసట తెలియని రోజు ఇదొక్కటే" అంది.

నా అభ్యంతరం వేరే చోట. ఫోన్ చేసి తేదీ ఖాయం చేశాక చెబుతారు చూడండి, "అమ్మగారు కూడా పది నిమిషాలు సాక్ష్యం చెప్పాలి, పిల్లల చేత ఆఫ్రికా భాషలో పాట పాడించండి" అని. పదిహేనేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. వాళ్లకు చిచేవా భాష వీధిలో ఆడుకునే భాష, స్నేహితుల్ని తిట్టుకునే భాష. దాన్ని వేదికెక్కించి చూపించడం వాళ్లకు ఎంత ఇబ్బందో కిందకు దిగాక పిల్లల ముఖాలు చూస్తే తెలుస్తుంది. తర్వాత అందరూ అడిగే ప్రశ్న, "నీకు ఇండియా ఇష్టమా, ఆఫ్రికా ఇష్టమా?" అమ్మ కావాలా నాన్న కావాలా అని అడిగినట్టు. మావాడు ఒకసారి విసిగి, "విమానం ఇష్టం" అన్నాడు. అందరూ నవ్వారు గానీ వాడు నవ్వలేదు.

ఇలాంటి పిల్లలకు ఇంగ్లీషులో థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరుంది. ఆ మాట పెట్టింది రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ సమాజ శాస్త్రవేత్త. 1950లలో భర్తతో కలిసి మన దేశంలోనే ఉంటూ, ఇక్కడ పనిచేసే అమెరికన్లను గమనిస్తూ ఆ ఆలోచనకు వచ్చింది. అమ్మానాన్నల దేశం ఒకటి, పెరిగే దేశం ఇంకొకటి, ఈ రెంటి మధ్యా వీళ్లు మూడోది ఒకటి కట్టుకుంటారు. అప్పట్లో తెల్లవాళ్ల పిల్లల్ని చూసి పెట్టిన పేరు ఇప్పుడు మన గుంటూరు పిల్లలకు సరిపోతోంది.

మనవాళ్లు బయటి దేశాలకు సేవకు వెళ్లడం కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు, తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల మధ్య పనిచేయడానికి. అప్పుడు ఓడ ప్రయాణం, ఇప్పుడు ఆడిస్ అబాబాలో విమానం మారితే ఒకటిన్నర రోజులో ఇల్లు. దూరం తగ్గింది కదా అని సెలవు అవసరం కూడా తగ్గిందనుకుంటున్నాం.

సెలవు కోసం ఒక ఆడమనిషి ఎంత పోరాడాల్సి వచ్చిందో లాటీ మూన్ కథలో ఉంది. అమెరికా బాప్టిస్టు మిషనరీ. 1877లో చైనాకు తిరిగి వెళ్లాక 1891 దాకా మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. తన పని చూసుకునే మనిషి లేకుండా కదలడానికి ఆమె ఒప్పుకోలేదు. మనిషిని పంపమని ఉత్తరాలు రాసింది. చివరికి కదిలింది సంఘాల్లోని స్త్రీలు. 1888 క్రిస్మస్‌కు వాళ్లంతా కలిసి 3,315 డాలర్లు పోగుచేశారు, దాంతో ముగ్గురు స్త్రీలను చైనాకు పంపారు. ఆ తర్వాతే ఆమె ఇంటికొచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు తోచింది ఒకటే. విశ్రాంతి గురించి మగవాళ్ల కమిటీల కంటే మన స్త్రీల సమాజాలకే తొందరగా అర్థమవుతుంది. అర్థం కావాలి కూడా, ఎందుకంటే ఇంటికొచ్చిన మిషనరీ భార్య పని మన కళ్ల ముందే జరుగుతుంది.

ఆ పని ఎలాంటిదో చెబుతాను. భర్త ప్రసంగం సిద్ధం చేసుకుంటుంటే ఆమె సూట్‌కేసు సర్దుతుంది. పెద్దదానికి పదిహేను నిండాయి కనుక ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ వేయించాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది కనుక రెన్యువల్ చేయించాలి. పళ్ల డాక్టరు, కళ్లద్దాలు, మూడేళ్లకు సరిపడా జాకెట్లు కుట్టించడం, ఆవకాయ పట్టి సీలు వేయించడం. మధ్యలో బాపట్లలో తన కన్నతల్లి మోకాళ్ల నొప్పితో మంచం మీద ఉంది. ఆవిడ దగ్గర ఉన్నది మొత్తం ఐదు రోజులు. అందులో ఒక రోజు అక్కడి సంఘం వాళ్లు, "ఎలాగూ వచ్చారు కదా" అని మీటింగు పెట్టేశారు. "ఎలాగూ వచ్చారు కదా" అనే మాటను కొన్నాళ్లు నిషేధించాలి.

వీటన్నిటి వెనక ఈ వేసవి నడిచిన అసలు విషయం వేరు. పెద్దదాన్ని ఇంటర్‌కు ఇక్కడే ఉంచేయమని మా అత్తయ్య పట్టు. హాస్టలైనా సరే, మా ఇల్లయినా సరే. "దేవుని పని మీరు చేసుకోండి, పిల్ల భవిష్యత్తు పాడుచేయకండి" అంది ఒకరోజు భోజనాల దగ్గర. సంఘంలో పెద్దవాళ్లు కొందరు దీనికి పూర్తిగా ఎదురు, "తల్లి దగ్గర లేని ఆడపిల్ల ఏమవుతుంది?" అని. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. కానీ తల్లికి ఆలోచించుకోవడానికి ఒక్క సాయంత్రం ఖాళీ ఇవ్వకుండా, ఇంత పెద్ద విషయం మీద తీర్పులు మాత్రం అందరూ ఇచ్చారు.

ఈ బాధా పాతదే. వేలూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడ్డర్ పేరు మనందరికీ తెలుసు. ఆమె రాణిపేటలో పుట్టిన మిషనరీల బిడ్డ. అమ్మానాన్నలు ఇండియాకు తిరిగి వచ్చినప్పుడు ఆమెను అమెరికాలో బంధువుల దగ్గర ఉంచి వచ్చారు. అప్పుడు ఆమెది దాదాపు మా అమ్మాయి వయసే. తర్వాత ఎంత గొప్పదయిందో చెప్పి ఆ ఒంటరితనాన్ని సమర్థించేవాళ్లను విన్నాను. నాకది రుచించదు. పిల్ల గొప్పదైతే తల్లిదండ్రుల నిర్ణయం ఒప్పు, కాకపోతే తప్పు, ఇదేం లెక్క?

నేను ఏ పక్షమూ తీసుకోలేదు. మా ఇంట్లో గది ఉంది, ఉంటే నా కూతురిలా చూసుకుంటానని ఒకసారి చెప్పి ఊరుకున్నాను. జూన్‌లో రెండు మీటింగులు నేనే ఫోన్ చేసి వాయిదా వేయించాను, ఆరోగ్యం బాగాలేదనే సాకులేవీ లేకుండా, "వాళ్లకు ఇంట్లో పని ఉంది" అని. ఒకరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనీయండి. ఆ రెండు రోజులూ తల్లీ కూతురూ మేడ మీద మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. మూడో రోజు అమ్మాయి వచ్చి, "పెద్దమ్మా, ఈ రెండేళ్లూ అక్కడే చదువుతాను, డిగ్రీకి వస్తాను, నా గది ఎవరికీ ఇవ్వొద్దు" అంది. అత్తయ్య రెండు పూటలు సరిగా తినలేదు. తర్వాత లేచి మనవరాలి కోసం సున్నుండలకు మినుములు వేయించడం మొదలుపెట్టింది.

వాళ్లు వెళ్లాక మా స్త్రీల సమాజంలో ఒక ప్రతిపాదన పెట్టాను. ఈసారి వచ్చినప్పుడు మొదటి మూడు వారాలు ఎవరూ మీటింగు అడగకూడదు, పిల్లల్ని వేదిక ఎక్కించాలంటే ముందు పిల్లల్నే అడగాలి, ఆధార్, పాస్‌పోర్టు ఆఫీసులకు మనలో ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. కుట్టుపని చేసే ఒకామె జాకెట్ల సంగతి తనకొదిలేయమంది. ఇడ్లీల ఆవిడ మొదటి వారం టిఫిన్లు తనవే అంది. సెక్రటరీ గారు అన్నీ రాసుకుని, "మూడు వారాలంటే మరీ ఎక్కువేమో, రెండు చేద్దామా?" అన్నారు. ఇంకా తేలలేదు. వచ్చే నెల కూటంలో మళ్లీ అడుగుతాను.