పిల్లలు గలవారికి ఇల్లు దొరకదా?

క్రిస్మసు నాటకములో సత్రపు యజమాని వేషమునకు మన పాఠశాలలలో ఎప్పుడును పోటీ మెండు. మరియమ్మ వేషమునకు సిగ్గుపడువారుందురు, కాపరి వేషమున కంబళి కప్పుకొని చెమటలు కార్చువారుందురు, సత్రపు యజమానికి మాత్రము ఒక తలపాగా, ఒక లాంతరు, "చోటు లేదు, పొండు!" అని గొంతెత్తి కేక వేయు అవకాశము లభించును. ఆ కేకకు సభయంతయు నవ్వి చప్పట్లు కొట్టును. నిజమునకు సువార్తలో అట్టి యజమానుని గూర్చి ఒక్క మాటయైనను లేదు. ఆ రాత్రి నిండుచూలాలికి సత్రమున తావు దొరకలేదనుటయే కలదు గాని, తలుపు తెరచి కాదనిన మనుష్యుని మనమే కల్పించుకొంటిమి. అతనిని ఇంత సులభముగా ఎట్లు కల్పించుకొంటిమా యని నాకు అప్పుడప్పుడు ఆశ్చర్యము కలుగును. బహుశః అట్టివానిని మనము ఎరిగియుండుటయే కారణమేమో.

ఆ సభలో చప్పట్లు కొట్టు తలిదండ్రులలో ఇండ్లను అద్దెకిచ్చువారును కలరు, అద్దె యిండ్లకై వెదకువారును కలరు. నా మాటలు ఉభయులకును.

మన ఈపూరు ప్రాంతమున మిరపయు ప్రత్తియు పండించు కుటుంబములు పిల్లల చదువు నిమిత్తము వినుకొండకో, నరసరావుపేటకో, గుంటూరుకో కాపురము మార్చుట క్రొత్త సంగతి కాదు. తండ్రి పొలము కనిపెట్టుకొని ఊరిలో నుండును. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని పట్టణమున రెండు గదులు తీసికొని, వండిపెట్టుచు వారిని చదివించును. చేలో కాయకోత మొదలైనప్పుడు ఆమె ఆదివారము ఆదివారము బస్సెక్కి వచ్చిపోవుచుండును. ఒక కుటుంబము రెండు పొయ్యిలు వెలిగించుట ఎంత కష్టమో కౌలుదారునకు చెప్పనక్కరలేదు. అయినను చదువుపై గల ఆశచే అట్లు చేయుదురు. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట ముఖ్యపట్టణమైన పిదప అచటికి కచేరీలు వచ్చెను, ఉద్యోగులు వచ్చిరి, ఇండ్లకు గిరాకి హెచ్చెను. గిరాకి హెచ్చిన చోట ఇంటివారికి ఏరుకొను సదుపాయము కలుగును. ఆ యేరుటలో మొదట ప్రక్కకు నెట్టబడువారు పిల్లలు గలవారు. పిల్లల చదువుకై పట్టణము చేరినవారికి పిల్లలున్నారను కారణముచేతనే తలుపు మూయబడుచున్నది.

గడచిన వేసవిలో మా తమ్ముడును మరదలును తమ ఇద్దరు పిల్లలతో ఇల్లు వెదకబోవుచు నన్నును తోడు రమ్మనిరి. పిల్లవానికి ఏడేండ్లు, ఆడపిల్లకు నాలుగు. ఉదయము తొమ్మిది గంటలకు మొదలుపెట్టి "టు లెట్" పలక కనబడిన గేటునెల్ల తట్టితిమి. ఇంటివారందరును మర్యాదస్థులే. కూర్చుండుమనిరి, మంచినీళ్లిచ్చిరి, ఏ ఊరని యడిగిరి, అద్దె యెంతయో చెప్పిరి. పిమ్మట పిల్లల వంక చూచి, "మీ పిల్లలేనా?" అనిరి. అంతటితో మాట తీరు మారెను. ఒకరు తమ బంధువులెవరో వచ్చెదమనిరని చెప్పిరి. ఇంకొకరు భార్యాభర్త లిద్దరును ఉద్యోగము చేయువారికే యిత్తుమనిరి. మూడవచోట ఒక పెద్దమనిషి మాత్రము, "గోడలకు మొన్ననే రంగు వేయించానండీ. పిల్లలున్నవాళ్లకు ఇవ్వను, ఏమీ అనుకోవద్దు" అని చెప్పి గేటు వేసికొనెను. సాకులు చెప్పనందుకు ఆయనను మనస్సులో మెచ్చుకొంటిని.

నాలుగవ యింటి మెట్లెక్కునప్పుడు చిన్నపిల్ల ఏదో పాట పాడుకొనుచుండగా, అన్న దాని నోటిపై చేయి పెట్టి, "పాడమాకే, పాడితే ఇల్లియ్యరు" అనెను. ఆ సంగతి వానికి ఎవరును చెప్పియుండలేదు. ఐదవ యింటికి మా మరదలు పిల్లలను వీధి చివర వేపచెట్టు క్రింద నా యొద్ద విడిచి, మగనితో మాత్రమే వెళ్లెను. ఇంటావిడ పిల్లలెందరని యడుగగా ఒక్కడేయని చెప్పెనట. తిరిగి వచ్చి ఆ మాట నాతో చెప్పునప్పుడు ఆమె కూతురి ముఖము చూడలేకపోయెను. ఆదివారపు బడిలో అబద్ధమాడరాదని ఆ బిడ్డలకు నేర్పునది ఆమెయే. తప్పు చేసినవారు చెట్టు చాటున దాగుట నేనెరుగుదును; పుట్టుట తప్ప మరి యే తప్పును చేయని పిల్లలు దాగుట ఆనాడు చూచితిని.

ఇంటివారి పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారు ఊరక అనలేదు. అద్దెకిచ్చువారందరును ధనవంతులు కారు. ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు, భర్త పోయిన స్త్రీ, జీవితమంతయు కూడబెట్టినదానితో మేడ కట్టుకొని క్రింది భాగపు అద్దెతో మందులు కొనుక్కొనువారు అనేకులు. పెన్సిలుతో గోడలు గీయుట, కుళాయి త్రిప్పి విడిచిపెట్టుట, బోరు అడుగంటిన మే నెలలో తొట్టి నీరంతయు ఆటలో పారబోయుట, మధ్యాహ్నపు నిద్రవేళ తలపై పరుగులు పెట్టుట, ఇవి కట్టుకథలు కావు. మరియొక భయము కలదు. దానిని ఇంటివారు తరచుగా పైకి చెప్పరు. పిట్టగోడ పొట్టిగా నున్న డాబామీదినుండి బిడ్డ పడునేమో, మూతలేని నీటితొట్టిలో జారునేమో, లోకము తమను నిందించునేమో యను భయము. దీనిని నేను తేలికగా త్రోసివేయజాలను.

అయితే ఆ భయమునకు మందు పిట్టగోడను ఎత్తు చేయించుట, తొట్టికి మూత వేయించుట. ఆ యింటికి సెలవులలో మనుమలు రారా? వారికొరకైనను ఆ పని చేయవలసినదే గదా. గోడ పాడైనచో బాగుచేయు ఖర్చు అడ్వాన్సునుండి పట్టుకొనవచ్చును. అడ్వాన్సు పుచ్చుకొనుట అందుకొరకే. నీటిని ఏ వేళ ఎంత విడుచుదురో ముందే చెప్పవచ్చును. రాత్రి పది గంటలు దాటిన పిదప సద్దు కూడదని కాగితముపై వ్రాసికొనవచ్చును. జరిగిన నష్టమునకు వెల యడుగుట న్యాయమే. జరుగునేమో యని యూహించి పసివారినందరిని గుమ్మము వెలుపల నిలుపుట వేరు సంగతి. త్రాగి అర్ధరాత్రి తలుపులు బాదు పెద్దవారును అద్దెకు వచ్చుచునే యున్నారు. వారి గుణము ముందుగా ఎవరికిని కనబడదు గనుక వారికి ఇల్లు దొరకును. బిడ్డను మాత్రము జేబులో దాచికొని రాలేము.

ఈ తర్కము నేను క్రొత్తగా కనిపెట్టినది కాదు. అమెరికా దేశమున, నేడు మన తెలుగు కుటుంబములు వేలకొలది కాపురమున్న కాలిఫోర్నియా రాష్ట్రమునందు, ఇదే తగవు న్యాయస్థానమున విచారింపబడెను. లాస్ ఏంజిలిస్ చెంత సముద్రతీరమున మెరీనా పాయింట్ అను పెద్ద అద్దె యిండ్ల సముదాయము ఉండెను. ఇకమీదట పిల్లలు గల కుటుంబములను చేర్చుకొనరాదని దాని యజమానులు 1974లో నియమము చేసికొనిరి. అంతకు మునుపే అందు చేరియున్న ఒక దంపతులకు 1975లో కుమారుడు కలిగెను. సంగతి తెలిసిన పిదప యజమానులు వారిని ఖాళీ చేయుమనిరి. పిల్లలు పెద్దవారికంటె అల్లరివారు, చప్పుడు చేయువారు, చిలిపివారు అనునది వారి వాదము. అచ్చముగా మన రంగు గోడల పెద్దమనిషి వాదమే! క్రింది న్యాయస్థానము యజమానుల మాటనే నిలిపెను. 1982లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. అల్లరి చేసినవానిని ఆ యల్లరికై వెళ్లగొట్టు హక్కు యజమానికి కలదు. కాని ఒక తరగతివారు సామాన్యముగా అల్లరివారని చెప్పి ఆ తరగతిలోని ప్రతివానిని కాదనుట చెల్లదు. తీర్పు సారాంశ మిది.

ఆ కాలమున ఆ దేశమున ఈ యాచారము చిన్నది కాదు. 1980లో ప్రభుత్వము చేయించిన పరిశీలనలో అద్దె యిండ్లలో సుమారు నాలుగవ వంతు పిల్లలను బొత్తిగా చేర్చుకొననివని తేలెను. 1968 నాటి గృహవసతి చట్టము జాతినిబట్టియు మతమునుబట్టియు ఇల్లు నిరాకరించుటను నిషేధించెనే గాని పిల్లల మాట యెత్తలేదు. 1988లో దానిని సవరించి పిల్లలు గల కుటుంబములను సైతము చేర్చిరి. అట్లని ఆ చట్టము ఇంటివారి కష్టమును మరువలేదు. వృద్ధులకొరకే ప్రత్యేకించిన వసతులను మినహాయించెను. నాలుగు వాటాలకు మించని యింటిలో యజమాని తానే ఒక వాటాలో కాపురమున్నయెడల అతనికిని సడలింపు నిచ్చెను. ఇది నాకు తెలివైన యేర్పాటుగా తోచుచున్నది. తన తలపైని గదిలో ఎవరుండవలెనో ఒక ముసలివాడు నిర్ణయించుకొనుట వేరు, ఇరువది వాటాల మేడను వ్యాపారముగా నడుపువాడు పసివారిని కాదనుట వేరు. ఇంగ్లండులోను 2025 అక్టోబరులో రాజామోదము పొందిన అద్దెదారుల హక్కుల చట్టము పిల్లలున్నారను కారణమున ఇల్లు నిరాకరించుటను నిషేధించుచున్నది.

మన దేశమునకు వచ్చినచో, రాజ్యాంగములోని 15వ అధికరణము దుకాణములు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టములు అందరికిని తెరచియుంచవలెననెను. అద్దె యింటి పేరు ఆ పట్టికలో లేదు. కేంద్రప్రభుత్వము 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము, కాపురపు ఇండ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనెను. అది మంచిదే, కాని రాష్ట్రములు తమ తమ శాసనములుగా చేసికొన్నప్పుడే దానికి బలము. ఎవరికి ఇల్లు ఇయ్యకుండరాదో అందును చెప్పబడలేదు. బాలల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి యొడంబడికలో ఆటయు ఒక హక్కని యున్నది. భారతదేశము 1992లో దానికి సమ్మతి తెలిపినది. ఆ సమ్మతి మన వీధి గేటువరకు ఇంకను రాలేదు.

మన చదువరులకు మరియొక సంగతి చెప్పక తీరదు. "పిల్లలెందరు?" అనునది ఇంటివారడుగు ప్రశ్నలలో రెండవది. మొదటిది మనకు తెలియనిది కాదు. అది ఒకప్పుడు సూటిగా వచ్చును, ఒకప్పుడు "ఇంటిపేరేమిటి?" అనియు, "ఆదివారం గుడికి వెళ్తారా?" అనియు చుట్టు తిరిగి వచ్చును. ఆ సమాధానము నచ్చనివారు అసలు కారణము చెప్పుటకు సంకోచించి, "పిల్లలున్నారుగా, కుదరదండీ" అని పంపివేయుట కలదు. కులము పేరు నోటరాకుండ కులము పాటింపబడును. పూర్వము మిషను బోర్డింగులలో చదివిన మన పెద్దల నడిగిచూడుడు. ఆ బోర్డింగే లేనిచో పట్టణమున తమకు గది యిచ్చువా రుండెడివారు కారని చెప్పుదురు. అమెరికాలో 1988 సవరణ కోరినవారును ఇట్టి మాటయే చెప్పిరి: నల్లవారిని కాదనుట చట్టవిరుద్ధమైన పిదప, పిల్లలు వద్దనుట ఆ పనికే తెరగా వాడబడుచున్నదని. కావున పిల్లల పేరిట మూయబడిన తలుపు కేవలము గోడ రంగును కాపాడుటకే మూయబడినదని నేను ఎల్లప్పుడును నమ్మజాలను.

శాసనము ఎప్పుడు వచ్చునో తెలియదు. జూను నెల మాత్రము ప్రతి సంవత్సరము వచ్చును. అందుచే పాఠశాలాధికారులకు ఒక మనవి. ప్రధానోపాధ్యాయుల గదిలో ఒక పుస్తకము ఉంచుడు. పిల్లలు గల కుటుంబములకు ఇల్లు ఇచ్చుటకు సమ్మతించిన తలిదండ్రులు, ఉపాధ్యాయులు, సంఘపెద్దలు అందు తమ యింటి వివరము, అద్దె, తమ షరతులు వ్రాయవచ్చును. షరతులు కఠినముగా ఉన్నను సరే, స్పష్టముగా నుండిన చాలును. ఇల్లు వెదకు తల్లి ఆ పుస్తకము చూచుకొని, తన పిల్లలను చేయి పట్టుకొనియే అచటికి వెళ్లగలదు.

మా తమ్ముని కుటుంబమునకు ఆనాటి సాయంకాలము ఒక పాత పెంకుటింట రెండు గదులు దొరికెను. ఇంటి ముసలమ్మ అద్దె చెప్పకమునుపే పిల్లలకు చెరియొక బెల్లపుముక్క పెట్టి, "వెనక గోడ మీ ఇష్టం, ఎంతైనా గీసుకోండి. ముందు గోడ జోలికొస్తే మాత్రం ఊరుకోను" అనెను. నేను మొన్న వెళ్లినప్పుడు వెనుక గోడమీద ఏనుగులు, బస్సులు, ఒక చర్చి, ఎవరో తెలియని పెద్ద మీసాల మనిషియు కనబడిరి. ముందు గోడ తెల్లగా నున్నది. ఆ ముసలమ్మ ఇంటిలోనే ప్రక్క వాటా వచ్చే ఏప్రిలులో ఖాళీ యగునట. పుస్తకము తెరచినచో మొదట వ్రాయుటకు ఆమె యొప్పుకొన్నది.