అల్లుడి పాట, మిల్లు నౌకరీ

మొన్న మా అక్క ఫోన్ చేసింది. "వాడికి నువ్వన్న జర చెప్పు తమ్ముడూ" అని ఒకటే ఏడుపు. వాడంటే మా అల్లుడు. డిగ్రీ అయిపోయింది, మిర్యాలగూడ రైస్ మిల్లుల లెక్కలు రాసే పని దొరికింది. వాడేమో పాటలు రాస్తడు, హైదరాబాద్ పోత అంటడు.

"గ్యారంటీ లేని పని ఎందుకురా" అందామనుకున్న. నాకే నవ్వొచ్చింది. అప్పు తెచ్చి వరి నాటేసి, కాలువ నీళ్లు వస్తయో రావో అని ఎదురుచూసేటోన్ని నేను. 2024 సెప్టెంబర్‌లో నడిగూడెం మండలంల సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది యాదికుందా? అయినా మనం వరి వేసుడు ఆపినమా? మనల్ని ఎవ్వరూ పిచ్చోళ్లు అనరు. పాట రాసే పిల్లగాన్ని మాత్రం అంటం.

అట్లని "పోరా, నీ ఇష్టం" అని కూడా అనలేదు. కోదాడల ఎవర్నడిగినా వేణుమాధవ్ పేరు చెప్తరు. మిమిక్రీ చేసుకుంటనే సినిమాలకు పోయిండు, నిజమే. కానీ అట్ల పోయి ఉత్త చేతుల్తోని తిరిగొచ్చినోళ్ల లెక్క ఎవరు రాసిండ్రు?

సుద్దాల అశోక్ తేజ గారిని చూడండి. మన పాత నల్లగొండ జిల్లా మనిషే. సినిమాలకు పోకముందు సర్కారు బడిల పంతులు. 2003ల వచ్చిన ఠాగూర్ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నడు. గోరటి వెంకన్న గారు సహకార శాఖల ఉద్యోగం చేసుకుంటనే పాట కట్టిండు, 2021ల కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. జీతం వాళ్ల పాటను చంపలేదు.

ఈ మాటే చెప్తే మా అల్లుడు ఒక్క ముక్కతోని నా నోరు మూయించిండు. "మామా, పంతులుకు సాయంత్రం ఉంటది. వడ్ల సీజన్ల మిల్లు గుమస్తాకు రాత్రి కూడా ఉండదు." లారీల లైన్ల నిలబడ్డోన్ని, నాకు తెల్వదా! అప్పుడు సమజైంది, నౌకరీనా పాటనా అని అడుగుడే తప్పు. ఏ నౌకరీ చేస్తే పొద్దుగూకినంక మనిషి మిగులుతడో అది అడగాలె.

నేను కూడా చిన్నప్పుడు దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరల పాడినోన్నే. మా నాయిన మాన్పించిండు. ఆయన తప్పు కాదు, ఆ ఏడు బాయి ఎండింది.

అందుకే వానితోని ఒక ఒప్పందం చేసుకున్న. ఈ సీజన్ అయ్యేదాకా మిల్లుల చెయ్యి, జీతం దాచుకో. తర్వాత హైదరాబాద్‌ల ఆరు నెలల గది కిరాయి నాది, యాసంగి వడ్లు అమ్మి ఇస్త. అక్కడ కూడా సాయంత్రం ఖాళీ దొరికే పని ఏదన్న చూసుకోవాలె.

అక్క ఒప్పుకుంది. మా ఇంటామెనే, మోటరు రిపేరుకు పైసలు లేవు గని కిరాయి కడతవా అని రెండు రోజుల సంది మాట్లాడతలేదు.