ఈతచెట్టుకూ ఒక చట్టం కావాలి

స్కాచ్ ధర ఎంత తగ్గుతుందన్న లెక్కలు ఈ వారమూ వింటూనే ఉన్నాను. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం 150 శాతం సుంకం ముందు 75కు, పదేళ్లకు 40కి దిగుతుందట. అదే జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. వాళ్ల ఊసెత్తేవాళ్లు లేరు. నా కోపం అందుకే.

స్కాట్లాండ్‌వాళ్లను తప్పుపట్టను. గిరాకీ పడిపోయి 1983లో బ్రోరా, పోర్ట్ ఎలెన్ డిస్టిలరీలు మూతపడ్డాయి. బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో మళ్లీ తెరుచుకున్నాయి. అన్నేళ్లు మూతపడ్డా వాటి పేరు చెడలేదు. ఎందుకంటే స్కాచ్ అనాలంటే అక్కడే కాచాలి, ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు మాగాలి అని అక్కడ చట్టం ఉంది.

మనకేముంది? గౌండ్లాయన మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కి లొట్టి దించితే అది కల్లు. ఈదులు, తాళ్లు నరికేసినా దుకాణంలో సీసాలు మాత్రం తగ్గవు. నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, అల్ప్రాజోలం కలిపితే చాలు. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఆ మందు దొరక్క మా పాలమూరు పల్లెల జనం పిచ్చెత్తినట్టయి దవాఖానాల పాలయ్యారు. దాన్ని కల్లనడం గీత వృత్తికే అవమానం. సారా వద్దన్న దూబగుంట ఆడవాళ్ల పక్షమే నాది. కానీ చెట్టు కల్లు వేరు, ఈ విషం వేరు.

గోవా తన ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. మనం 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక నీరా కేఫ్ కట్టి ఊరుకున్నాం.

వైన్ షాపుల దగ్గర మాత్రం తెలంగాణ సర్కారుకు ఎక్కడలేని శ్రద్ధ. 2,620 దుకాణాలు, ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి రావు. తాటిచెట్ల మీంచి పడి తరతరాలుగా గౌండ్లోళ్లు నడుములు విరగ్గొట్టుకుంటుంటే, కాటమయ్య రక్షణ కవచం 2024 దాకా రాలేదు.

2023 డిసెంబర్‌లో ఎక్సైజ్, పర్యాటకం రెండూ మా కొల్లాపూర్ ఎమ్మెల్యే జూపల్లి కృష్ణారావుకే దక్కాయి. మంత్రిగారూ, చెట్టు నుంచి దించినదే కల్లు అని చట్టం తెండి. మందు కలిపినవాడి లైసెన్సు మళ్లీ పుట్టకుండా చేయండి. చెరువు కట్టల మీద ఈత మొక్కలు నాటించి గీత సొసైటీల చేతికివ్వండి. స్కాచ్ సంగతి స్కాట్లాండ్ చూసుకుంటుంది, మన కల్లు సంగతి మనమే చూసుకోవాలి.