వైఫై పాస్‌వర్డ్ మీ చేత్తోనే కొట్టండి



సంక్రాంతి సెలవులకు అమెరికా నుంచి మేనమామో బాబాయో వస్తే, ఈ మధ్య సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన ఇంకో వస్తువు కూడా కనిపిస్తోంది. అదే చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్. నింటెండో స్విచ్ కావచ్చు, స్టీమ్ డెక్ కావచ్చు. డబ్బా విప్పిన ఐదు నిమిషాలకే పిల్లల నోట వచ్చే మాట ఒకటే: "నాన్నా, వైఫై పాస్‌వర్డ్ చెప్పు!"

చాలా ఇళ్లలో ఆ తర్వాత జరిగేది రెండింటిలో ఒకటి. పనిలో పడి పాస్‌వర్డ్ చెప్పేస్తాం. లేదంటే "పరీక్షలయ్యేదాకా దాని ఊసెత్తొద్దు" అని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఈ రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. పిల్లల పక్కన కూర్చుని ఆ పాస్‌వర్డ్ మీరే కొట్టండి.

వైఫై కలపనంతవరకు అది ఒక ఆటబొమ్మ. చిన్న కార్డు రూపంలో కొన్న ఆటలు చాలావరకు నెట్ లేకుండానే నడుస్తాయి. ఒకే గదిలో రెండు స్విచ్‌లుంటే ఇంటర్నెట్ అవసరం లేకుండా ఒకదానికొకటి కలుపుకుని ఆడే ఆటలూ ఉన్నాయి. అక్కచెల్లెళ్లు, పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి అది చాలు. వైఫై కలిపాక అదే బొమ్మ అంగడిగా మారుతుంది. కొత్త ఆటలు అమ్ముతుంది, ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడిస్తుంది, కొన్ని ఆటల్లో మాట్లాడిస్తుంది కూడా. తిరుపతి గంగమ్మ జాతరకు పిల్లల్ని రావద్దని అనం, అలాగని ఆ జనంలోకి ఒంటరిగానూ పంపం. చెయ్యి పట్టుకుని తీసుకెళతాం. ఇక్కడా అంతే.

"ఇవన్నీ వాడికే బాగా తెలుసు, నాకేం తెలుసండీ" అని చాలామంది అంటారు. ఫోన్‌ను వైఫైకి కలపడం వస్తే ఇదీ వచ్చినట్టే. స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఇంటర్నెట్ అన్నదాన్ని తెరిస్తే మీ ఇంటి వైఫై పేరు కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని పాస్‌వర్డ్ కొడితే పని అయిపోతుంది. అయితే యంత్రం తిరిగి పిల్లల చేతికి ఇచ్చేముందు మూడు పనులు చేయండి.

మొదటిది పేరెంటల్ కంట్రోల్స్. స్విచ్ కోసం నింటెండో ఒక ఫోన్ యాప్ ఇస్తోంది. రోజుకు ఎంతసేపు ఆడాలి, రాత్రి ఎన్నింటికి ఆపాలి, ఏ వయసుకు తగిన ఆటలు తెరుచుకోవాలి, ఇతరులతో మాటలు ఉండాలా వద్దా అనేది అందులో మీరే పెట్టవచ్చు. సమయం అయిపోయాక మామూలుగా అది హెచ్చరిక మాత్రమే చూపిస్తుంది. ఆట నిజంగా ఆగాలంటే ఆ ఏర్పాటును మీరు ప్రత్యేకంగా ఆన్ చేయాలి. పిన్ నంబరుగా స్కూటర్ నంబరో, పుట్టినరోజో పెట్టకండి, అవి పిల్లలకు తెలుసు. స్టీమ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

రెండోది డబ్బు. పిల్లల పేరున ఖాతా తెరిచి దాన్ని మీ కుటుంబ ఖాతా కింద ఉంచండి. బ్యాంకు కార్డు వివరాలు అందులో సేవ్ చేయకండి. ఏదైనా కొనాల్సి వస్తే ఇద్దరూ కూర్చుని కొనండి.

మూడోది రౌటర్. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని రెండో వైఫై పెట్టుకునే వీలుంది. కన్సోల్‌ను దానికే కలపండి. మీ ఆఫీసు ల్యాప్‌టాప్, యూపీఐ ఉన్న ఫోన్ వేరే పేరు మీద ఉంటాయి. ఆట ఆపాలనుకున్నప్పుడు ఇల్లంతా నెట్ ఆపక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే బలహీనపడుతుంది. దానికే కలిపితే ఆట హాల్లోనే బాగా నడుస్తుంది, తలుపు వేసుకుని మిద్దె మీద గదిలో ఆడాలన్న సరదా కొంత తగ్గుతుంది.

అటక మీది పాత నింటెండో డీఎస్ ఎవరైనా పిల్లలకు ఇచ్చారా? 2004లో వచ్చిన ఆ యంత్రానికి డబ్ల్యూఈపీ అనే పాతకాలపు వైఫై తాళమే అర్థమవుతుంది. దానికోసం ఇంటి వైఫై భద్రత తగ్గించకండి. దాని ఆన్‌లైన్ సేవ 2014 మే 20నే ఆగిపోయింది. నెట్ లేకుండా ఆడనివ్వండి.

ఇంత శ్రమ ఎందుకు, ప్రభుత్వమే కట్టడి చేయొచ్చు కదా అనవచ్చు. చైనా 2021లో అదే చేసింది. 18 ఏళ్ల లోపు పిల్లలు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ ఆటలు ఆడాలంది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. మిగతా ఆటలు ఎంతసేపన్నది ఇంటి పెద్దలే తేల్చాలి.

బీరువా తాళం మాటేమిటంటారా? కన్సోల్‌ను మీరు దాచినా స్నేహితుడి ఇంట్లో ఇంకొకటి ఉంటుంది. ఇంటి పాస్‌వర్డ్ చెప్పకపోతే ఏ ఫోన్ హాట్‌స్పాట్‌కైనా అది కలుస్తుంది. మార్కులు, ఫీజు రసీదులు కూడా ఫోన్‌లోనే వస్తున్న రోజుల్లో నెట్ కట్టేయడమూ కుదరదు. దొంగచాటుగా ఆడే పిల్లలు, ఆటలో ఎవరైనా బెదిరించినా, ఫొటో అడిగినా మనకు చెప్పలేరు. చెబితే దొంగతనం బయటపడుతుందన్న భయం. నాకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే అనిపిస్తుంది.

ఇంకో మాట. ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపే వీలుండదు. "అన్నానికి రా" అని పిలిచిన ప్రతిసారీ గొడవ అయ్యేది అందుకే. ఆట ఎన్నింటికి ముగించాలన్నది కాకుండా, ఆఖరి మ్యాచ్ ఎన్నింటిలోపు మొదలుపెట్టాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. తిరుమలలో దర్శనానికి ముందు ఫోన్లు కౌంటరులో ఇచ్చి వెళతాం, ఎవరికీ ఏమీ లోటనిపించదు. రాత్రి పడుకునేముందు ఇంట్లోనూ కన్సోల్, ఫోన్లు అన్నీ హాల్లో ఒకచోట పెట్టండి. అమ్మానాన్నల ఫోన్లూ అక్కడే ఉంటేనే ఆ నియమం నిలుస్తుంది.

ఆట కోసం నిద్ర, తిండి, చదువు, స్నేహాలు వదిలేసి, నష్టమని తెలిసినా ఆపలేని స్థితి నెలల తరబడి సాగితే అది క్రమశిక్షణతో తీరే సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా చేర్చింది, ఆ జాబితా 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మనకు దగ్గర్లోనే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి పిల్లల కోసం షట్ క్లినిక్ ఉంది. వెళ్లడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఈ ఆదివారం ఒక్క అరగంట కేటాయించండి. సెట్టింగుల్లో తెలియనిది ఉంటే పిల్లలనే అడగండి. వాళ్లు సంతోషంగా నేర్పుతారు, ఆ పూట ఏం ఆడుతున్నారో, ఎవరితో ఆడుతున్నారో కూడా చెబుతారు.