ఏతము – మోటారు సైకిలు

మన కళాశాల సైకిల్ షెడ్డును నేడు ఆ పేరుతో పిలవడం కేవలం పాత అలవాటు. అక్కడ సైకిళ్లు నాలుగో ఐదో ఉంటాయి. మిగిలిన చోటంతా మోటారు సైకిళ్లదే. బండి కొన్ననాడు మిఠాయి పంచని మిత్రుడు లేడు. కానీ వారిలో ఎందరు ఆ బండి చైనును ఒక్కసారైనా స్వహస్తాలతో శుభ్రపరిచారని అడిగితే సమాధానం సంతోషకరంగా ఉండదు.

ఈ విషయం వ్రాయడానికి నాకున్న అర్హత నా ఎడమచేతి చూపుడువేలు. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ క్రింద ఇటుకలు పేర్చి బండిని నిలబెట్టాను. ఇటుకలు కదులుతున్నందున ఒక చేయి బండికి ఆసరాగా ఉంచవలసి వచ్చింది. రెండవ చేతిలో కిరోసిను గుడ్డ. చక్రం తిప్పడానికి మూడవ చేయి లేదు గదా! ఆ పనిని ఇంజనుకే అప్పగించి, గేరులో వేసి, తిరుగుతున్న చైనును తుడవబోయాను. చైను గుడ్డను లాగింది. గుడ్డ వేలును లాగింది. వేలి కొన అర అంగుళం మేర పోయింది. తప్పు బండిది కాదు, ముమ్మాటికీ నాదే.

మా వీధి చివరి మెకానిక్ షాపు ఉస్తాద్ నా చేతికట్టు చూచి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "బేటా, నీవు ఏతం ఎన్నడూ చూడలేదా?" అన్నారు. పల్లెలో పుట్టిన వాణ్ణి, చూడకేమి! పొడవాటి దూలానికి ఒక చోట ఆనిక. ఒక ప్రక్క బాన, మరొక ప్రక్క మనిషి బరువు. హైస్కూలులో మనమంతా వల్లించిన లీవరు సూత్రం అదే. దానికి మార్కులు తెచ్చుకున్నది నేను. దానితో అన్నం తింటున్నది, బడి ముఖం అంతగా ఎరుగని ఆయన.

ఆ సాయంత్రమే ఉస్తాద్ నేల మీద సుద్దముక్కతో గీసి చూపించారు. ఈనాటి యువకులు మోజుపడే అనేక బండ్లకు మధ్య స్టాండు ఉండదు. అటువంటి బండి బరువు 140 కిలోలనుకుంటే, వెనుక చక్రం మీద పడేది సుమారు 70 కిలోలు. ఆనిక నుండి భారం 4 అంగుళాల దూరంలోను, మన చేయి పట్టే పిడి 24 అంగుళాల దూరంలోను ఉంటే, కావలసిన బలం ఆరవ వంతు, అంటే 12 కిలోలు. నిండు బిందె ఎత్తగల వారెవరైనా చేయగల పని. చక్రం నేలను వదలడానికి అర అంగుళం లేస్తే చాలు. పిడిని నేలకు నొక్కినప్పుడు భారం ఆనికను దాటి కొంచెం వెనుకకు వస్తుంది. ఆ పిమ్మట బండి బరువే స్టాండును అణచి ఉంచుతుంది. ఇందులోని అందమంతా ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

అంగుళం చదరపు ఇనుప పైపు, రెండు పాత ట్రాలీ చక్రాలు, గీతలు పడకుండా పాత ట్యూబు ముక్కలు, ఇవే సరంజామా. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు ఉన్నట్లే, ప్రతి ఊరిలోనూ పాత ఇనుము దొరికే చోటు ఒకటి ఉంటుంది. వెల్డింగుతో కలిపి నాకు ఆరు వందల రూపాయల లోపే అయింది. ఇంతకంటే చవకగా, బండిని సైడు స్టాండు వైపు వంచి రెండవ ప్రక్కన తుమ్మకర్ర ఆనించేవారున్నారు. కర్ర జారిననాడు ఏమగునో వారే ఆలోచించుకోవాలి. నేను సిఫారసు చేయను.

చవక అన్నంత మాత్రాన అతుకుల విషయంలో లోభం కూడదు. బండి ఎక్కించక ముందు రెండు సిమెంటు బస్తాలు, అంటే 100 కిలోలు, ఒక రాత్రంతా స్టాండు మీద ఉంచి చూశాము. ఎత్తేటప్పుడు ముందు బ్రేకు పిడిని ట్యూబు ముక్కతో బిగించి కట్టాలి. ఒక స్నేహితుడు బండిని నిటారుగా పట్టుకోవాలి. తాళంచెవి జేబులో ఉండాలి. చక్రం చేతితోనే తిప్పాలి. 190 కిలోల బుల్లెట్టు వంటి బండికి ఈ పైపు చాలదు, మందం హెచ్చించవలసిందే.

యాజమాన్య సంఘం పెద్దలకు ఒక మనవి. ఇటువంటి స్టాండ్లు రెండు మన భౌతికశాస్త్ర విభాగం ఆధ్వర్యంలో విద్యార్థులచేతనే చేయించి షెడ్డులో ఉంచాలి. కళాశాల మెకానిక్ షెడ్డు కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసును పిడికి తగిలించి ఆ 12 కిలోలను కళ్లారా చూచిన విద్యార్థి, ఆ సూత్రాన్ని పరీక్ష మరునాడు మరచిపోతాడని నేను నమ్మను. చేతికి మసి అంటడం నామోషీ అనుకునే మిత్రులకు నా వేలు చూపించడం తప్ప వేరే జవాబు లేదు.

ఉస్తాద్ వెల్డింగు కూలి తీసుకోనన్నారు. పైపు మాత్రం మనమే తెచ్చుకోవాలి. సెలవుల తరువాత వచ్చే మొదటి శనివారం మధ్యాహ్నం నా స్టాండును షెడ్డు వద్ద ఉంచుతాను. కావలసిన వారు తమ బండి తెచ్చి ఎత్తి చూడవచ్చు.