ఏసీ పంపుకు చోటుందా?

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ పెద్దమందడి ఎండకు దారిలో మొరాయిస్తే పాత డ్రైవర్ల వైద్యం ఒకటే. బానెట్ ఎత్తి ఏసీ పంపు మీద తడిగుడ్డ వేయడం! ఏసీ అంటే చల్లదనం కాదు, పంపు కంపెనీకి ఆ పేరు తెచ్చిన ఆల్బర్ట్ ఛాంపియన్ పొడి అక్షరాలు. ఇంజిన్ వేడికి పైపులోని పెట్రోలు ఆవిరైతే పంపు లాగలేదు. అందుకే ఆ గుడ్డ.

ఇలాంటి బండికి తర్వాతి కాలపు ఇంజిన్ ఎక్కించి, పాత పంపే బిగించాలనుకునేవారు బ్లాకు పక్కన రంధ్రం కనిపించగానే సంబరపడొద్దు. లోపల క్యామ్‌షాఫ్ట్ మీద పంపు కోసం ప్రత్యేకంగా ఓ మిట్ట ఉండాలి. అది తిరుగుతూ పంపు చేతిని కదిపితేనే డయాఫ్రమ్ పెట్రోలును లాగి కార్బురేటర్‌కు పంపుతుంది. ఇంజెక్షన్ ఇంజిన్లలో ఆ పని కరెంటు పంపుది కాబట్టి చాలావాటిలో మిట్ట ఉండదు. అమెరికాలో 1997లో వచ్చిన షెవ్రొలె ఎల్ఎస్ బ్లాకులోనైతే పంపుకు చోటే పెట్టలేదు.

మిట్ట ఉన్నా గాస్కెట్ మందం కుదరాలి. ఎక్కువైతే చెయ్యి అందదు, తక్కువైతే నలిగి విరుగుతుంది. మిట్ట లేదా? రంధ్రానికి పలక బిగించి, తక్కువ ఒత్తిడి కరెంటు పంపు పెట్టుకోవడమే మేలు. ఇంజెక్షన్ బండి పంపు మాత్రం వద్దు. కార్బురేటర్‌కు 4, 5 పీఎస్ఐ చాలు. అది 40 దాకా తోస్తే పెట్రోలు పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది.

పాత పంపే బిగిస్తే అప్పుడప్పుడూ డిప్‌స్టిక్ తీసి వాసన చూడాలి. ఆయిల్ పెట్రోలు కంపు కొడితే డయాఫ్రమ్ చిరిగిందేమో చూపించేదాకా బండి స్టార్ట్ చేయొద్దు.